బేరింగ్ ఎందుకు పోయిందో చెప్పే చదువు ఎక్కడ దొరుకుతుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మూడో రోజు మా అన్న కొడుకు జీడిమెట్లలో మా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద నాలుగు గడులు గీసి ఐటీఐ ఫిట్టర్, పాలిటెక్నిక్ మెకానికల్, బాలానగర్ సీఐటీడీ, అమీర్‌పేట పీఎల్‌సీ కోర్సు అని రాసుకున్నాడు. సీఐటీడీ అచ్చుల తయారీ నేర్పే సంస్థ, పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్. "కాకా, మెషీన్ల మెయింటెనెన్స్ లైన్లోకి రావాలంటే వీటిల్లో ఏది మంచిది?" అని అడిగాడు. ఇరవై రెండేళ్లుగా అదే పనిలో ఉన్నాను కాబట్టి ఒక్క మాటలో చెప్పేస్తానని వాడి నమ్మకం. చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం కోర్సుల సంగతి పక్కనపెట్టి వాడికి ఒక పంపు కథ చెప్పాను. ఇక్కడా దాంతోనే మొదలుపెడతాను. ఈ చదువులో ఉన్న చిక్కంతా ఆ పంపులోనే కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక మందుల ఫ్యాక్టరీలో కూలింగ్ టవర్ పంపుకు 15 హెచ్‌పీ మోటారు ఉండేది. దాని ముందువైపు, తిరిగే ఇరుసును (షాఫ్టును) గోళీల మీద మోసే బేరింగ్ నంబరు 6309. ఈ రకం బేరింగుల్లో చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. 09 అంటే 45 మిల్లీమీటర్లు. 04 నుంచి పైనంబర్లకు ఈ లెక్క సరిపోతుంది. మొదటి రోజే నేర్పాల్సిన ఈ ముక్క తెలియకుండానే ఐదేళ్లు పనిచేసినవాళ్లను చూశాను. ఏళ్ల తరబడి ఏ పేచీ పెట్టని ఆ మోటారు ఉన్నట్టుండి రెండు నెలలకోసారి ముందు బేరింగ్‌ను తినేయడం మొదలుపెట్టింది.

మొదటిసారి షిఫ్ట్ ఫిట్టర్ కొత్తది వేశాడు. రెండు గంటల్లో పంపు నడిచింది, ప్రొడక్షన్ వాళ్లు సంతోషించారు. రెండోసారి అందరం సరుకు నకిలీదన్నాం, రాణీగంజ్‌లో బిల్లుతో సహా అసలు మాల్ తెప్పించాం. మూడోసారి మోటారును పంపుకు కలిపే కప్లింగ్ మీద అనుమానం వచ్చింది. డయల్ గేజ్ పెట్టి చూస్తే మోటారు, పంపు షాఫ్టులు 0.05 మిల్లీమీటర్ లోపే కలిశాయి. "అలైన్‌మెంట్ మంచిగుంది అన్నా, ఇది నా ప్రాబ్లం కాదు" అన్నాడు ఫిట్టర్. ఎలక్ట్రీషియన్ వచ్చి మూడు ఫేజుల కరెంటు చూశాడు, సమానంగా ఉంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టాడు, వైండింగ్ బాగుంది. "మోటారు ఓకే, నాది కూడా కాదు" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి పాఠం వాళ్లు సరిగ్గా అప్పజెప్పారు.

నాలుగోసారి మా ఫోర్‌మన్ పాత బేరింగ్‌ను స్క్రాప్ డబ్బాలో పడేయనివ్వలేదు. గ్రైండర్‌తో బయటి రింగును కోయించి, గోళీలు దొర్లే లోపలి దారిని గుడ్డతో తుడిచి లైటు కింద పట్టాడు. షెడ్డు పైకప్పు రేకుకుండే అలల్లాగా, సమాన దూరంలో అడ్డగీతలు. గ్రీజు నల్లగా మాడిపోయి ఉంది. ఆయన బేరింగ్ గురించి ఏమీ మాట్లాడలేదు. "ఈ మోటారుకు వీఎఫ్‌డీ ఎప్పుడు పెట్టిన్రు?" అని అడిగాడు. లాగ్ బుక్ తిరగేస్తే పది నెలల కిందట, కరెంటు ఆదా కోసం పెట్టినట్టు తేలింది. బేరింగులు పోవడం మొదలైంది ఆ తర్వాతే.

వీఎఫ్‌డీ మోటారు వేగాన్ని మార్చడానికి కరెంటును సెకనుకు కొన్ని వేల సార్లు ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది. ఆ కోతల వల్ల మోటారు షాఫ్టు మీద కొంత వోల్టేజీ పోగవుతుంది. అది భూమికి చేరే దారి వెతుక్కుంటుంది. దానికి దొరికే దగ్గరి దారి బేరింగే. గోళీలకూ రింగుకూ మధ్య ఉన్న గ్రీజు పొర అతి పలచన. వోల్టేజీ ఆ పొర తట్టుకోలేనంత పెరిగినప్పుడు నిప్పురవ్వ దూకుతుంది, దూకిన చోట ఉక్కు సూదిమొనంత కరుగుతుంది. ఇది కోట్లసార్లు జరిగితే వచ్చేవే ఆ అడ్డగీతలు. షాఫ్టుకు ఎర్తింగ్ రింగ్ బిగించి, మోటారు కేబుల్‌ను షీల్డు ఉన్న రకంలోకి మార్చి రెండు చివరలా సరిగ్గా ఎర్త్ చేయించాం. నేను అక్కడ ఉన్న తర్వాతి రెండేళ్లూ ఆ బేరింగ్ ఊసే లేదు.

తప్పు వీఎఫ్‌డీ ఉన్న కరెంటు ప్యానల్లో పుట్టింది, బేరింగ్‌లో బయటపడింది. ఫిట్టర్‌కు ప్యానల్ తెలియదు, ఎలక్ట్రీషియన్ కోసిన బేరింగ్‌ను ఎన్నడూ చూడలేదు. ఇద్దరికీ మంచి శిక్షణే ఉంది. ఆ రెండు శిక్షణల మధ్య ఉన్న సందులో మా ఎనిమిది నెలలు పోయాయి.

మన దేశంలో ఐటీఐ చదువుకు పునాది వేసిన క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్పటి నుంచీ చదువు ట్రేడుల వారీగానే ఉంది. ఫిట్టర్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ వేరు. ఆ విభజన పెద్ద ఫ్యాక్టరీల కాలానికి సరిపోయింది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, బాలానగర్ ఐడీపీఎల్ లాంటి చోట్ల మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్ పనులకు విడివిడిగా షాపులుండేవి, వాటన్నిటినీ కలిపి చూడగల అనుభవజ్ఞులు పైన ఉండేవారు. ఈ రోజు జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఒక మధ్యరకం యూనిట్‌లో రాత్రి షిఫ్ట్‌కు మెయింటెనెన్స్ తరఫున ఉండేది ఇద్దరు, ఒక్కోసారి ఒక్కరే. అక్కడ "నాది కాదు" అంటే కుదరదు. అందుకే మా వాడి కాగితం మీదున్న నాలుగు గడుల్లో ఏ ఒక్కటీ పూర్తి సమాధానం కాదు. ఒకదాంతో లోపలికి వస్తాం, మిగతావి పని చేస్తూ కలుపుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న.

నా మటుకు నేను చేతిపనే ముందంటాను. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన పిల్లలు మొదటి నెలల్లో ఎక్కువ విసుక్కునేది ఆకురాయి పని మీదే. బెంచ్ వైస్‌లో ఇనుప ముక్క బిగించి, నాలుగు వైపులా చదునుగా, మూలమట్టానికి సరిగ్గా కూర్చునేలా రాస్తూనే ఉండాలి. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లున్న కాలంలో ఇదెందుకని మా వాడూ అడిగాడు. వంద మైక్రాన్లంటే, అంటే మిల్లీమీటర్‌లో పదో వంతంటే, ఎంతో కంటికి తెలియక ముందే చేతికి తెలియడం కోసం. బోల్టు బిగుస్తోందా, మర తెగబోతోందా అన్నది స్పానర్ పట్టిన మణికట్టు చెబుతుంది. అది పుస్తకం నుంచి రాదు.

చేయి చదువుకోకపోతే నష్టం ఎలా ఉంటుందో బేరింగ్ బిగింపులోనే చూడొచ్చు. షాఫ్టు మీద బిగుతుగా కూర్చునే బేరింగ్‌ను లోపలి రింగు మీదే ఒత్తి ఎక్కించాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ గోళీల గుండా ప్రయాణించి దారి మీద చిన్న చిన్న గుంటలు పెడుతుంది. మెషీన్ స్టార్ట్ చేశాక అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కొన్ని వారాల్లో రొద మొదలవుతుంది. వేడి చేసి ఎక్కించడం మేలు, కానీ 110 డిగ్రీల దగ్గర ఆగాలి. 120 దాటితే ఉక్కు గుణమే మారొచ్చు. గ్యాస్ టార్చ్ మంట నేరుగా పెట్టి ఎర్రగా కాల్చి ఎక్కించినవాళ్లను చూశాను. కొత్త బేరింగ్ షాఫ్టు ఎక్కకముందే సగం చచ్చిపోయింది.

చేతి తర్వాత కొలత. వెర్నియర్, మైక్రోమీటర్, డయల్ గేజ్ ఒక పక్క, మల్టీమీటర్, మెగ్గర్ ఇంకో పక్క. ఈ రెండు పక్కలూ ఒకే మనిషి సంచిలో ఉండాలి. ఫిట్టర్ చదివినవాళ్లు ఎక్కువ భయపడేది ఇన్‌స్ట్రుమెంట్ సిగ్నల్‌కు. నిజానికి అది చాలా సులువు. ట్యాంకులో మట్టం, పైపులో ప్రెషర్, రియాక్టర్‌లో ఉష్ణోగ్రత, ఏదైనా సరే, చాలా ప్లాంట్లలో 4 నుంచి 20 మిల్లీ యాంపుల కరెంటుగా మారి కంట్రోల్ రూముకు వెళ్తుంది. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20, సగం ఉంటే 12. సున్నాతో ఎందుకు మొదలుపెట్టలేదని అడిగిన పిల్లవాడు పైకొస్తాడు. ఖాళీ ట్యాంకు కూడా 4 పంపుతుంది కాబట్టి, మీటర్‌లో సున్నా కనిపిస్తే వైరు తెగిందనో ట్రాన్స్‌మిటర్ పోయిందనో వెంటనే తెలిసిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలిసిన ఫిట్టర్ అర్ధరాత్రి మంచి పంపును విప్పకుండా ఆగుతాడు.

"ఆగడం" అన్నాను కదా, అది కూడా శిక్షణలో భాగమే, కానీ నేర్పేవాళ్లు తక్కువ. మెషీన్ ఆగాక బాగుచేస్తే బ్రేక్‌డౌన్ మెయింటెనెన్స్. తేదీ చూసి ముందే విప్పి మార్చేస్తే ప్రివెంటివ్. మెషీన్ ఒంట్లో ఎలా ఉందో కొలిచి, లక్షణం కనిపించినప్పుడే ముట్టుకుంటే కండిషన్ మానిటరింగ్. మొదటిది చెడ్డది, రెండోది మంచిది అని క్లాసులో చెప్పి వదిలేస్తారు. సంగతి అంత తేలిక కాదు. 1978లో అమెరికాలో నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు విమాన భాగాల వైఫల్యాలను లెక్కగట్టి ఒక నివేదిక రాశారు. వయసు పెరిగేకొద్దీ పాడయ్యే లక్షణం చూపిన భాగాలు 11 శాతమే. 68 శాతం భాగాల్లో బిగించిన కొత్తలోనే పాడయ్యే అవకాశం ఎక్కువ, ఆ దశ దాటాక ప్రమాదం ఒకే తీరుగా ఉంటుంది. అవి విమానం లెక్కలు, మన పంపులకు అంకెకు అంకె సరిపోవు. కానీ పాఠం మాత్రం షాపులో రోజూ కనిపిస్తుంది. బాగా నడుస్తున్న గేర్‌బాక్స్‌ను క్యాలెండర్ చూసి విప్పితే సీల్ నలిగిపోవచ్చు, దుమ్ము పడొచ్చు, ఒక బోల్టు మర్చిపోవచ్చు.

అందుకే పెద్ద ప్లాంట్లు వైబ్రేషన్ కొలవడానికి మనుషులను పెట్టుకుంటున్నాయి. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. ఫ్యాన్ రెక్క ఒక పక్క బరువెక్కితే తెర మీది గ్రాఫ్‌లో ఊపు సరిగ్గా ఆ 24 దగ్గర కనిపిస్తుంది. కప్లింగ్ వంకరగా ఉంటే చాలాసార్లు 48 దగ్గర కూడా లేస్తుంది. బేరింగ్ దారిలో గాయముంటే ఈ రెండింటికీ పొంతన లేని పైస్థాయిలో గీతలొస్తాయి. ఇది చదవడం నేర్చుకున్నవాళ్లకు ఐఎస్ఓ 18436 ప్రమాణం కింద నాలుగు అంచెల్లో సర్టిఫికెట్లున్నాయి. ఐటీఐతో మొదలై ఈ మెట్లెక్కి ప్లాంటు మొత్తానికి వైద్యుడిలా పనిచేస్తున్నవాళ్లు నాకు తెలుసు. కానీ ఒకటో అంచె పరీక్ష రాసే ముందు కనీసం రెండేళ్లు చేతులకు గ్రీజు అంటి ఉండాలని నా అభిప్రాయం. లేకపోతే తెర మీద గీతను చూసి ఏది విప్పమనాలో తోచదు.

ఇక హైదరాబాద్‌లోని తలుపుల సంగతి.

పది పాసైనవాళ్లకు ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, మెషిన్ టూల్ మెయింటెనెన్స్ మెకానిక్ రెండేళ్ల కోర్సులు. వెల్డర్ ఏడాదే. మెయింటెనెన్సే లక్ష్యమైతే మెషిన్ టూల్ మెయింటెనెన్స్ పేరుకు తగ్గదే, దొరికితే మంచిది. ఫిట్టర్‌కు మాత్రం ఉద్యోగ నోటిఫికేషన్లు ఎక్కువగా పడతాయి. ఐటీఐ రెండేళ్లు ముగించినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐలో చేరితే పిల్లవాడి చదువు ఆగిపోయినట్టేనని బాధపడే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు, అది నన్ను చాలా బాధిస్తుంది.

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. రోబోలు, సీఎన్‌సీ, ప్రాసెస్ కంట్రోల్, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు వాటిలో ఉన్నాయి. మెయింటెనెన్స్‌కు వచ్చేవాళ్లకు నేను ప్రాసెస్ కంట్రోల్, ఆటోమేషన్ వైపు వేలు చూపిస్తాను. పైన చెప్పిన సందు పూడ్చేది అదే.

పాలిసెట్ రాసి మాసబ్ ట్యాంక్‌లోనో రామంతాపూర్‌లోనో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా. అక్కడ లెక్క, డ్రాయింగ్ గట్టిపడతాయి, సూపర్‌వైజర్ కుర్చీ దగ్గరవుతుంది, చేయి మాత్రం కాస్త వెనకబడుతుంది. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. అక్కడి నాలుగేళ్ల టూల్, డై, మోల్డ్ డిప్లొమాకు దేశమంతటా పేరుంది. అయితే అది అచ్చులు తయారుచేసే చదువు. మెయింటెనెన్స్‌కు పనికొస్తుంది, దానికోసమే పుట్టింది కాదు. విద్యానగర్, రామంతాపూర్‌లలో ఉన్న జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల పేరు మా వాడి కాగితంలో లేనే లేదు. పూర్వం వీటిని ఏటీఐలనేవారు. రామంతాపూర్‌ది ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ కోసం పెట్టింది. ఐటీఐ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునేవాళ్లకు ఏడాది కోర్సు ఉన్నదీ ఇలాంటి సంస్థల్లోనే.

అమీర్‌పేట, కూకట్‌పల్లిలలో దొరికే నెలా రెండు నెలల పీఎల్‌సీ కోర్సులను నేను కాదనను. కానీ పదో తరగతి కాగానే వాటిలో చేరితే డబ్బు దండగ. రెండేళ్లు షాపులో పనిచేసి, ప్యానల్ తలుపు తీయడానికి జంకుతున్నప్పుడు చేరితే ప్రతి రూపాయీ తిరిగొస్తుంది. చేరే ముందు క్లాసులోకి వెళ్లి చూడాలి. ఒక్కో కిట్‌కు ఎంతమంది కూర్చుంటున్నారు, అసలు మోటారు, అసలు సెన్సర్ ఉన్నాయా, అంతా కంప్యూటర్ బొమ్మలేనా?

వీటన్నిటికన్నా ఎక్కువ విలువైనది, పిల్లలు తక్కువగా పట్టించుకునేది అప్రెంటిస్‌షిప్. 1961 చట్టం కింద నడుస్తుంది. 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది నిబంధన. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ, మిధాని, దక్షిణ మధ్య రైల్వే లాంటివి ఐటీఐ వాళ్లను తీసుకుంటాయి. అక్కడే ఉద్యోగమిచ్చి తీరాలని చట్టం చెప్పదు, అది ముందే తెలుసుకుని చేరాలి. అయినా చేరాలి. ఐటీఐలో మోటారు టేబుల్ మీద ఉంటుంది. ప్లాంటులో అది పైపుల మధ్య, చీకట్లో, వేడిగా ఉంటుంది, పక్కన ప్రొడక్షన్ ఇన్‌చార్జి గడియారం చూస్తూ నిలబడి ఉంటాడు. ఆ ఒత్తిడిలో తప్పు చేయకుండా పనిచేయడం ఇంకెక్కడా రాదు.

ఏ ప్రాంతంలో పనిచేస్తామన్నది కూడా చదువును మారుస్తుంది. బాలానగర్, ప్రశాంతినగర్ షెడ్లలో మెషిన్ టూల్స్ ఎక్కువ. అక్కడ స్లైడ్‌వే, స్పిండిల్, హైడ్రాలిక్స్ తెలియాలి. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు రసాయనాలు, మందులు. బాలానగర్‌లో నేర్చుకున్నవాడు అక్కడికొస్తే కొన్ని అలవాట్లు గేటు దగ్గరే వదలాలి. సాల్వెంట్ ఆవిరి ఉన్న చోట మోటారు, స్విచ్, లైటు అన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ రకం, అంటే లోపల పుట్టిన నిప్పును బయటికి రానివ్వనివి. పన్నెండు బోల్టులున్న మూతకు పదకొండే బిగించి వస్తే ఆ రక్షణ మొత్తం పోయినట్టే. గ్రైండర్ పెట్టాలంటే ముందు హాట్ వర్క్ పర్మిట్, అంటే నిప్పురవ్వలొచ్చే పనికి రాసిచ్చే అనుమతి కావాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంతంలో పని చేసుకుని బతికే ఎవరూ ఆ రోజును మర్చిపోలేరు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, తిరుగుతున్న మెషీన్ దగ్గర పరీక్షించడం, నూనె పోయడం లాంటి పనులు ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుషులే, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలతో చేయాలంది. ఆ సెక్షన్ ఎందుకు రాశారో నాకు ఒక చేయి చూశాక అర్థమైంది. నా కన్నా మూడేళ్లు చిన్నవాడు, కన్వేయర్ ఆపి లోపల బెల్టు సరిచేస్తున్నాడు. ప్యానల్ దగ్గర తాళం వేయలేదు, బోర్డూ పెట్టలేదు. అవతలి షిఫ్ట్ మనిషి వచ్చి, మెషీన్ ఊరికే ఆగి ఉందనుకుని పచ్చ బటన్ నొక్కాడు. రెండు వేళ్లు పోయాయి. స్విచ్ ఆపడం, తాళం వేయడం, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవడం, తర్వాత ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి నిజంగా కదలడం లేదని చూడటం. ఈ నాలుగూ అయ్యాకే చేయి లోపల పెట్టాలి. ఏ ఐటీఐలోనైనా, ఏ కోర్సులోనైనా మొదటి వారంలో ఈ తాళం చేతికివ్వకపోతే ఆ సంస్థ మీద నాకు నమ్మకం ఉండదు.

మా వాడు చివరికి ఫిట్టర్‌లో చేరాడు. మార్కులు తక్కువై కాదు, పాలిసెట్‌లో వాడికి సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. రెండేళ్లు చేయి తిప్పి, ఒక ఏడాది అప్రెంటిస్ చేసి, ఆ తర్వాత ఎల్‌పీసెట్ రాస్తానని వాళ్ల నాన్నకు వాడే నచ్చజెప్పాడు. పోయిన ఆదివారం వచ్చినప్పుడు ఎడమ చూపుడువేలు మీద ఆకురాయి గీకిన గాటు చూపించాడు. తర్వాత, "కాకా, ఆ కోసిన బేరింగ్ ఇంకా ఉందా?" అని అడిగాడు. లేదు, ఫ్యాక్టరీ మారినప్పుడు అక్కడే వదిలేశాను. స్క్రాప్‌లో ఇంకోటి దొరికితే తెస్తానన్నాను. సుత్తిదెబ్బకు పోయింది ఒకటి, నీళ్లు చేరి తుప్పుపట్టింది ఒకటి, గ్రీజు ఎండిపోయి నీలం రంగు తిరిగింది ఒకటి. మూడూ కోసి ఇస్తే, ఏది దేనివల్ల పోయిందో వాడే చెప్పాలి.